ఎర్ర వ్యాక్సా, నీలం వ్యాక్సా? స్కీలకు వేసి అమ్మాయి ముందు పరువు పోగొట్టుకున్నాను

మేపుల్ గ్రోవ్ నాన్న:

అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి మినియాపొలిస్ పక్కన మేపుల్ గ్రోవ్‌కు వచ్చి మూడేళ్లయింది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఈ నవంబరులో బడి స్కీ జట్టులో చేరింది. కొండ మీది నుంచి దూసుకొచ్చే రకం కాదు, చదునులోనూ ఎత్తుపల్లాల్లోనూ కిలోమీటర్ల కొద్దీ సొంత కాళ్లతో సాగిపోయే క్రాస్ కంట్రీ స్కీయింగ్. పాదాలు ముందుకీ వెనక్కీ నడిపే క్లాసిక్ పద్ధతికి ఒక జత, పక్కలకు తోసుకుంటూ పోయే స్కేట్ పద్ధతికి ఇంకో జత. రెండూ పాతవే కొన్నాం.

స్కీల అడుగున వ్యాక్స్ వెయ్యాలని కోచ్ చెప్పారు. జట్టులో వేస్తారు గాని, ఆ పని నేను చేస్తానని ఉత్సాహపడ్డాను. గరాజ్ సేల్‌లో ఒక పెద్దాయన దగ్గర పది డాలర్లకు డబ్బా నిండా రంగురంగుల మైనపు బిళ్లలు దొరికాయి. శనివారం పొద్దున పోటీ. ఫోనులో చూస్తే ఆ రోజు 30 డిగ్రీల ఫారెన్‌హీట్ అని ఉంది. ఎర్ర బిళ్ల మీద రాసిన అంకెలకు అది సరిపోయింది. శుక్రవారం రాత్రి మా ఇంటి ఇస్త్రీ పెట్టెతోనే కరిగించి, క్లాసిక్ స్కీల అడుగంతా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఇల్లు అలికినట్టు అలికేశాను.

తీరా పొద్దున తొమ్మిదింటికి అక్కడ 12 డిగ్రీలే. పైగా అది యంత్రాలతో చేసిన మంచు. చదునులో ఇసుక మీద లాగుతున్నట్టు ఉందట, ఎక్కుడులో అడుగు వేస్తే వెనక్కి జారిపోతోందట. చివరి నుంచి మూడో స్థానం. కారులో ఇంటిదాకా మాట్లాడలేదు. గరాజ్ తలుపు మూశాక ఒక్క మాట అంది: "నాన్నా, వచ్చేసారి నా స్కీలు ముట్టుకోవద్దు."

ఏ వేళ ఉష్ణోగ్రత చూసి రంగు ఎంచుకోవాలి? ముందుకు జారాల్సిన వస్తువు వెనక్కి ఎందుకు జారింది? ఆ డబ్బాలో ఫ్లోరో అని రాసి ఉన్న చిన్న పొడి సీసా కూడా ఉంది, అందరికంటే ఎక్కువ జారుతుందని పెద్దాయన అన్నారు. వాడవచ్చా?


సెయింట్ పాల్ అక్కయ్య:

మీరు నాకంటే చిన్నవారే అయి ఉంటారు, తమ్ముడూ అనే అంటాను. మాది అనకాపల్లి. 1998లో ఇక్కడికి వచ్చాను. ఆఫీసులో ఒకావిడ బలవంతాన కోమో పార్కుకు తీసుకెళ్లి స్కీలు కట్టించింది. ఆ రోజు నిలబడిన సేపటికంటే కూలబడిన సేపే ఎక్కువ. తర్వాత విస్కాన్సిన్‌లో జరిగే అమెరికన్ బిర్కెబైనర్ అనే సుదూరపు స్కీ పోటీని ఆరుసార్లు పూర్తి చేశాను. మీరు చేసిన తప్పులన్నీ నేనూ చేశాను, ఇస్త్రీ పెట్టెతో సహా.

ముందు వెనక్కి జారడం సంగతి. వ్యాక్స్ ఒకటి కాదు తమ్ముడూ, రెండు జాతులు. మా ఇంట్లో జారుడు మైనం, పట్టు మైనం అంటాం. దుకాణంలో గ్లైడ్ వ్యాక్స్, కిక్ వ్యాక్స్ అని అడగండి. క్లాసిక్ స్కీని నేల మీద పెట్టి పక్క నుంచి చూడండి, నడుము విల్లులా పైకి లేచి ఉంటుంది. రెండు కాళ్ల మీద బరువు పంచుకుని జారుతున్నప్పుడు ఆ నడుము మంచును దాదాపు తాకదు. ఒక్క కాలి మీద బరువంతా వేసి తన్నినప్పుడు మాత్రం కిందికి దిగి మంచును పట్టుకోవాలి. అంటే రెండు కొసలకూ జారుడు మైనం, నడుముకు పట్టు మైనం. మీరు నడుముకు కూడా జారుడు మైనమే పూశారు. ఇక ఆ పిల్ల దేన్ని పట్టుకుని కొండెక్కాలి? స్కేట్ స్కీలకైతే మీ పద్ధతే సరి, మొత్తం అలికెయ్యండి. క్లాసిక్ స్కీకి మాత్రం ముగ్గు వేసినట్టు, ఎక్కడ పడాలో అక్కడే పడాలి.

నడుము ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుసుకోవడానికి కాగితం చాలు. అమ్మాయిని గచ్చు మీద రెండు స్కీల మీద సమంగా నిలబెట్టి, పాదం కింద స్కీకీ నేలకూ మధ్య ఒక కాగితం దూర్చి ముందుకీ వెనక్కీ లాగండి. ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ స్కీ పక్కన మార్కర్‌తో గీత పెట్టండి. తర్వాత బరువంతా ఒక్క కాలి మీద వెయ్యమనండి. కాగితం అసలు కదలకూడదు. కదిలితే ఆ స్కీలు ఆమె బరువుకు మరీ బిరుసన్న మాట, ఏ మైనమూ కాపాడదు. పాత స్కీలన్నారు కాబట్టి ఇది ముందు చూడండి.

ఇక రంగు. చాలా కంపెనీల లెక్క ఒకటే వరస: బాగా చలికి పచ్చ, తర్వాత నీలం, ఊదా, ఎరుపు, కరిగే మంచుకు పసుపు. చలివి గట్టిగా, వెచ్చనివి మెత్తగా ఉంటాయి. అంకెలు కంపెనీని బట్టి మారతాయి కనుక బిళ్ల మీద చదవండి. కానీ ఆ అంకెలతో ఫోనును పోల్చకండి. ఫోను చెప్పేది గాలి సంగతి, అదీ మధ్యాహ్నపు గరిష్ఠం. స్కీ తగిలేది మంచుకు. రాత్రంతా గడ్డకట్టిన మంచు పొద్దున గాలి కాస్త వెచ్చబడగానే మారిపోదు. ఇంకో సంగతి, గాలి 40 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా మంచు 32 దాటదు, దాటితే అది నీళ్లే. నేను చిన్న థర్మామీటరు మంచులో గుచ్చి, నీడన రెండు నిమిషాలు ఆగి చూస్తాను.

అంతకంటే నమ్మకమైనది చెయ్యి. అరిసెల పిండి చూసినట్టు చూడండి. గ్లౌజు తొడుక్కునే గుప్పెడు మంచు తీసి పిసకండి. ఊదితే పొడి బియ్యప్పిండిలా ఎగిరిపోతే అది పొడి మంచు. చలిమిడిలా ముద్ద కడితే తేమ ఉంది. ముద్ద పిండితే నీళ్లు కారితే తడి మంచు. ఇక గుప్పెట్లో పంచదార పలుకుల్లా గరగరమంటూ ముద్ద కట్టకపోతే, అది ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన పాత మంచు. దాని లెక్క వేరే.

చలికి గట్టి మైనం ఎందుకంటే, కొత్త మంచు పలుకుకు ముళ్లుంటాయి. చలి ఎక్కువైన కొద్దీ ఆ ముళ్లు బిరుసెక్కి మెత్తటి మైనంలో దిగబడతాయి. మీ ఎర్ర మైనానికి జరిగింది అదే, అందుకే ఇసుక మీద లాగినట్టుంది. పైగా యంత్రపు మంచు ఆకాశం నుంచి రాలే పువ్వు కాదు, గాలిలో చిమ్మిన నీటి తుంపర గడ్డకట్టిన గుండ్రాయి. గరుకు కాగితంలా మైనాన్ని అరగదీస్తుంది. అక్కడికి వెళ్లేటప్పుడు నేను ఒక మెట్టు గట్టిదే వేస్తాను. 12 డిగ్రీలంటే సున్నాకు దిగువన 11 సెల్సియస్. మీరు నీలం గాని అంతకంటే గట్టిది గాని వెయ్యాల్సింది. రెండు రంగుల మధ్య ఊగిసలాడుతుంటే చలిదాన్నే తీసుకోండి. గట్టిది వేస్తే కాస్త నెమ్మదిస్తారు, మెత్తది వేస్తే ఆగిపోతారు.

పట్టు మైనానికి ఇస్త్రీ అక్కర్లేదు. డబ్బా మూత తీసి, పిల్లలు రంగు సుద్ద రుద్దినట్టు నడుము మీద పల్చగా రుద్ది, కార్కుతో నున్నగా అయ్యేదాకా పామాలి. మళ్లీ ఒక పొర, మళ్లీ కార్కు. నాలుగైదు పల్చటి పొరలు ఒక మందపాటి పొరకంటే మేలు. ఎప్పుడూ గట్టిదానితో మొదలుపెట్టండి. పట్టు చాలకపోతే ముందు ఇంకో పొర, తర్వాత ముందువైపు ఒక జానెడు పొడవు పెంచడం, అప్పటికీ చాలకపోతేనే మెత్తది. గట్టిదాని మీద మెత్తది నిలుస్తుంది. మెత్తదాని మీద గట్టిది పూయబోతే ఉండలు కడుతుంది, వెన్న రాసిన గోడకు సున్నం పట్టనట్టు. నా సంచిలో రోజూ ఉండేది స్విక్స్ కంపెనీవాళ్ల వీ 40, బ్లూ ఎక్స్‌ట్రా అంటారు. కొత్త మంచుకు సున్నాకు దిగువన 1 నుంచి 7 సెల్సియస్ దాకా. మిన్నెసోటా చలికాలంలో సగం రోజులు దానితోనే గడిచిపోతాయి.

జారుడు మైనానికి ఇస్త్రీ కావాలి, మీ చొక్కాల ఇస్త్రీ పెట్టె కాదు. దాని వేడి ఒక్కసారి పెరిగి ఒక్కసారి తగ్గుతుంది, ఆవిరి కన్నాలలో మైనం దూరుతుంది. వ్యాక్స్ ఇస్త్రీ విడిగా అమ్ముతారు. పొగ వచ్చిందంటే వేడి ఎక్కువైనట్టే. స్కీ అడుగు ఒకరకం ప్లాస్టిక్, మాడితే బాగుపడదు. ఇనుప దోసె పెనానికి నూనె పట్టించినట్టు, పల్చగా, పలుమార్లు పట్టించాలి. కదలిక ఆపకుండా ముందు కొస నుంచి వెనక కొసకు ఒక్క దారిలో. తర్వాత అరగంట చల్లారనిచ్చి, ప్లాస్టిక్ స్క్రేపర్‌తో పైన కనిపించే మైనమంతా గీకెయ్యాలి. ఆపై బ్రష్షు. కొత్తవాళ్లు ఇక్కడే పిసినారితనం చేస్తారు. గీకి పారేయడానికేనా డబ్బు పోసి కొన్నది అని మా ఆయన ఇప్పటికీ అడుగుతారు. పని చేసేది లోపల ఇంకినది, పైన మిగిలినది మంచును పట్టి లాగుతుంది. రంగు ఒక మెట్టు తప్పినా గీకి, బ్రష్షు బాగా కొట్టిన స్కీ బాగానే పోతుంది. సరైన రంగు వేసి గీకని స్కీ పోదు.

ఆ పొడి సీసా మాత్రం తెరవకండి. అందులో ఉండేవి ఎన్నటికీ విరగని ఫ్లోరిన్ రసాయనాలు. మంచు కరిగితే నేలలోకి, చెరువుల్లోకి పోతాయి. ఇస్త్రీ చేసేటప్పుడు వచ్చే పొగ ఊపిరితిత్తులకు చెడ్డది. 2025 జనవరి 1 నుంచి మిన్నెసోటాలో అలాంటి స్కీ వ్యాక్స్ అమ్మకూడదు. కాలేయ క్యాన్సర్‌తో 2023లో ఇరవయ్యేళ్లకే చనిపోయిన అమారా స్ట్రాండీ అనే అమ్మాయి పేరు ఆ చట్టానికి ఉంది. ఈ రసాయనాలను నిషేధించమని చట్టసభ ముందు చెప్పుకున్న పిల్ల. చెత్తబుట్టలో వెయ్యకండి, హెనెపిన్ కౌంటీవాళ్ల ప్రమాదకర వ్యర్థాల కేంద్రం మీకు దగ్గరలోనే, బ్రూక్లిన్ పార్కులో ఉంది.


ఓస్లో ఉద్యోగి:

అక్కయ్యగారు చెప్పినదంతా నిజమే గాని, ఇంత తపస్సు అవసరమా? ఇక్కడ నార్వేలో స్కీని షీ అంటారు. ఫెల్లెషీ అని ఒక రకం ఉంది. నడుము దగ్గర పట్టు మైనం బదులు మేక బొచ్చు పట్టీ అతికించి ఉంటుంది. ముందుకు తోస్తే బొచ్చు పడుకుంటుంది, వెనక్కి జారబోతే నిక్కబొడుచుకుని పట్టుకుంటుంది. పిల్లి వీపు నిమిరినట్టే. నాకు ఇద్దరు చిన్నపిల్లలు. ఆదివారం పొద్దున మెట్రో ఒకటో లైనులో స్కీలతో సహా ఎక్కి ఫ్రోగ్నర్‌సెటెరెన్‌లో దిగి అడవిలోకి పోతాం. ఆ హడావుడిలో థర్మామీటర్లు గుచ్చే ఓపిక ఎవరికి?

అయినా ఇక్కడి పెద్దవాళ్లకు మైనం అంటే మతం లాంటిది. మా పక్కింటి తాతగారు లిఫ్టులో కలిస్తే వాతావరణం గురించి కాకుండా, నేడు ఏ రంగు వేశారని అడుగుతారు. ఈ రంగుల లెక్కకు మూలం స్విక్స్ అని ఆయనే చెప్పారు. 1936 ఒలింపిక్స్ రిలేలో కాంస్యం గెలిచిన స్వీడన్ స్కీయర్ మార్టిన్ మాట్స్‌బో ఒక మందుల కంపెనీతో కలిసి తయారు చేశారట. 1946లో పచ్చ, నీలం, ఎరుపు, మూడే రంగులతో మొదలైంది. అంతకు ముందు చాలామంది ఎవరి తారు, ఎవరి మైనం వాళ్లే ఇంట్లో కాచుకునేవాళ్లు.

మేపుల్ గ్రోవ్ నాన్నగారు మరీ బాధపడకండి. 2014 సోచి ఒలింపిక్స్‌లో నార్వే మహిళల రిలే జట్టు తప్పక గెలుస్తుందని దేశమంతా టీవీల ముందు కూర్చుంటే అయిదో స్థానంలో వచ్చింది. స్కీలు జారలేదు, తప్పంతా మైనం వేసినవాళ్లదేనని ఇంటింటా తిట్టుకున్నారు. జీతాలిచ్చి పెట్టుకున్న నిపుణులకే అలా అయింది, మీది గరాజ్ సేల్ డబ్బా.

ఫ్లోరిన్ గురించి ఒక్క మాట. 2023-24 సీజన్ నుంచి అంతర్జాతీయ పోటీల్లోనూ పూర్తి నిషేధం. ఆ అక్టోబరులో ఆస్ట్రియాలోని జోల్డెన్‌లో నార్వే స్కీయర్ రాగ్‌న్‌హిల్డ్ మోవింకెల్‌నే మొట్టమొదట అనర్హురాలిని చేశారు. ఆమె స్కీ మీద యంత్రం పెట్టి చూస్తే ఆ ఆనవాలు దొరికింది.


సెయింట్ పాల్ అక్కయ్య:

ఓస్లో బాబూ, బొచ్చు పట్టీ స్కీలు నా దగ్గరా ఉన్నాయి. ఉష్ణోగ్రత సరిగ్గా 32 దగ్గర తచ్చాడే రోజున, ఏ మైనమూ కుదరనప్పుడు, అవే నాకు దిక్కు. పిల్లలతో షికారుకు వాటిని మించినవి లేవు. కాని చల్లటి పొడి మంచు మీద, నీలం మైనం కుదిరిన రోజున, బొచ్చు పట్టీ కాస్త వెనక్కి లాగుతుంది. ఈయన కూతురు పోటీలో ఉంది, పైగా కోచ్ చెప్పినదాన్ని బట్టి నడవాలి. పట్టీ స్కీలకు పని లేదనుకోవడం కూడా పొరపాటే. ఆ బొచ్చుకు మురికి పడితే ప్రత్యేకమైన ద్రవంతో తుడవాలి, కొసలకు జారుడు మైనం వేసేటప్పుడు ఇస్త్రీ దాని దరిదాపులకు పోకూడదు.

2024 ఫిబ్రవరిలో మినియాపొలిస్‌లోని మా థియోడర్ వర్త్ పార్కులో క్రాస్ కంట్రీ ప్రపంచ కప్ జరిగింది. ఆ ఏడాది ఇక్కడ చలికాలమే సరిగా రాలేదు. చుట్టూ పచ్చిక, మధ్యలో యంత్రపు మంచు బాట. మా మిన్నెసోటా పిల్ల, స్కీయర్ జెస్సీ డిగ్గిన్స్‌ను చూడటానికి కంచె పక్కన నాలుగు గంటలు నిలబడ్డాను. ఆ పక్కవారమే జరిగిన బిర్కెబైనర్‌ను కూడా పది కిలోమీటర్ల యంత్రపు మంచు మీదే గుండ్రంగా తిప్పారు. అందుకే గరుకు మంచుకు గట్టి మైనం అని అంత నొక్కి చెప్పింది.


కొలరాడో వాసి:

నేను స్నోబోర్డు మీద కొండ దిగేవాణ్ని. నాకు ఈ పట్టు మైనం గొడవ ఏమైనా ఉందా? ఏ రంగూ చూడకుండా, అన్ని ఉష్ణోగ్రతలకూ అని రాసిన బిళ్ల ఒక్కటే వేస్తున్నాను.


సెయింట్ పాల్ అక్కయ్య:

మీకు పైకి మోసేది లిఫ్టు, కాబట్టి పట్టుతో పనే లేదు. అడుగంతా జారుడు మైనమే. సరదాకు ఆ బిళ్ల చాలు. మీ బోర్డు అడుగు అంచుల దగ్గర తెల్లబారి, పొడిబారిన పెదవిలా కనిపిస్తోందా? అయితే రంగు కాదు సమస్య, మైనం వేసి చాలా రోజులైందని అర్థం.


మేపుల్ గ్రోవ్ నాన్న:

అక్కయ్యగారూ, రెండు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను. కాగితం పరీక్ష పెట్టాను. స్కీలు ఆమె బరువుకు సరిపోయాయి, దుకాణానికి వెళ్లే ఖర్చు తప్పింది. పొడి సీసాను బ్రూక్లిన్ పార్కులో ఇచ్చేశాను. నడుము మీది ఎర్ర మైనం గీకి తుడవడానికే ఒక సాయంత్రం పట్టింది.

మొన్న శనివారం మళ్లీ క్లాసిక్ పోటీ. శుక్రవారం రాత్రి నాలుగంగుళాల కొత్త మంచు పడింది. పొద్దున మంచులో గుచ్చి చూస్తే 22 డిగ్రీలు. పిసికితే ముద్ద కట్టలేదు, ఊదితే ఎగిరింది. కొసలకు ముందు రోజే ఊదా రంగు వేసి గీకేశాను, నడుముకు మీరు చెప్పిన వీ 40 నాలుగు పొరలు. అమ్మాయి ఎక్కుడు మీద పరీక్షించి కొంచెం జారుతోందంది. ఇంకో రెండు పొరలు, ఒక జానెడు ముందుకు. ఈసారి సరిపోయింది. జట్టులో నాలుగో స్థానం!

కాని పోటీకి ముందు ఒక వింత జరిగింది. కారు హీటరు వేసుకుని స్కీలను లోపలే పడుకోబెట్టి తీసుకెళ్లాను. దింపి మంచు మీద పెట్టి నాలుగడుగులు వేసిందో లేదో, పాదాల కింద మంచు ఉండలు కట్టి ఎత్తు చెప్పుల మీద నిలబడ్డట్టయింది. మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాను. మైనం మెత్తదైందా?

ఇంకొకటి. మార్చిలో వాడతారని క్లిస్టర్ అనే జిగట పట్టు మైనం ట్యూబు ఒకటి కొన్నాను. అదెలా ఉంటుందో చూద్దామని మా ఆవిడ మూత తీయబోతోంది.


సెయింట్ పాల్ అక్కయ్య:

మైనం తప్పు కాదు, హీటరు తప్పు. వెచ్చని స్కీ కింద కొత్త మంచు కరుగుతుంది, స్కీ చల్లబడగానే ఆ నీళ్లు మైనానికి పట్టుకుని గడ్డకడతాయి. దిగగానే స్కీలను నీడన కారుకు ఆనించి ఒక పావుగంట వదిలెయ్యండి, చలి పట్టాకే మంచు తగలాలి. కారు పైన కట్టి తెచ్చేవాళ్లకు ఈ బాధ లేదు, కాని ఉప్పు నీళ్లు చిమ్ముతాయి కాబట్టి సంచి తొడగాలి.

మీ ఆవిడను వెంటనే ఆపండి! క్లిస్టర్ అంటే పనస పాలనుకోండి, అంతకంటే మొండిది. ముఖ్యంగా కరిగి మళ్లీ గడ్డకట్టిన ఆ పంచదార మంచుకు వాడతారు. తెరిచే రోజున గరాజ్‌లో పాత పత్రికలు పరిచి, పారేసే గ్లౌజులు తొడుక్కోండి. పూసేముందు ట్యూబును కాసేపు జేబులో వెచ్చబెట్టండి, లేకపోతే పిండినా రాదు. చేతికి అంటితే వంటనూనె రాసి తుడుచుకోవచ్చు. చొక్కాకు అంటితే చలిలో ఆరుబయట పెట్టండి, గట్టిపడ్డాక గోటితో గీకితే చాలావరకు ఊడుతుంది. స్కీ నుంచి తీయడానికి మాత్రం దాని ద్రావకం కొనాల్సిందే. ఇంకా మూత తీయలేదు కదా?


మేపుల్ గ్రోవ్ నాన్న:

తీసింది. నూనె సీసా ఇప్పుడే అందించాను.